ఓడెక్కిన లిఫ్టాయన

పెళ్లాంపిల్లలతో వారం రోజులు గడపడానికి ఓడంత దండగమారి చోటు ఇంకోటి లేదని లిఫ్టాయన ఎక్కిన గంటలోనే తేల్చేశాడు. ఆ గంటంతా వరసల్లోనే గడిచింది. సామానుకో వరస, కార్డుకో వరస, గుమ్మంలో ఫొటోకో వరస. నవ్వమంటే పన్నునొప్పి ఉన్నవాడిలా మొహం పెట్టాడు. ఆ ఫొటోని పెద్దది చేసి భోజనాల హాలు ముందు అద్దాల పెట్టెలో వేలాడదీశారు.

అసలు ఓడ ఆలోచన ఆయనది కాదు. బావమరిదిది. లిఫ్టాయన పాతికేళ్లుగా లిఫ్టుల మెకానిక్. ఎవరి మేడలో లిఫ్టు ఆగినా ఫోన్ ఆయనకే. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే మోగేది, కూతురి స్కూల్లో నాటకం మొదలవుతుంటే మోగేది. "ఇప్పుడే వచ్చేస్తా" అని లేచేవాడు. ఆ 'ఇప్పుడే' ఎప్పుడూ వచ్చింది లేదు. కూతురికి పధ్నాలుగు నిండాయి. చిన్నప్పుడు నువ్వు నువ్వు అంటూ మీదపడి ఆడిన పిల్ల, ఏడాదిగా మీరు అంటోంది. అరవదు, అలగదు. "భోంచేశారా నాన్నా?" అని చుట్టాన్ని అడిగినట్టు అడిగి తన గదిలోకి వెళ్లిపోతుంది. దానికంటే చెంప మీద కొట్టినా బాగుండుననిపించేది ఆయనకి.

"నడి సముద్రంలో నీకు ఫోన్ రాదు బావా. ఏడు రోజులు ఎటూ పారిపోలేవు. పిల్ల నీ కళ్లెదురుగానే ఉంటుంది" అన్నాడు బావమరిది. ఆ మాటకే మొగుడూపెళ్లాలిద్దరూ బుట్టలో పడ్డారు.

తీరా ఎక్కాక చూస్తే, కుటుంబంతో రమ్మని పిలిచినవాళ్లే గుమ్మంలో వయసులవారీగా విడగొట్టేశారు. పసివాళ్లకో హాలు, పదమూడు దాటినవాళ్లకో హాలు, ఆడవాళ్లకి మసాజులు, ముసలాళ్లకి పేకాట. భార్య మొదటిరోజే ఎవరో కొత్త స్నేహితురాళ్లతో కలిసిపోయింది. కూతురు పొద్దున వెళ్తే మళ్లీ భోజనాల దగ్గరే కనిపించేది. గది చూద్దామా అంటే, ఆయన బాగుచేసే లిఫ్టులే దానికంటే నయం. వాటిలో కనీసం తలుపు తీస్తే బయటికి పోవచ్చు. ఒడ్డుకి చేరిన రోజు అయిదు గంటలు తిరగొచ్చన్నారు. అందులో దిగడానికి రెండు, ఎక్కడానికి ఒకటి. మిగతా రెండు గంటల్లో చూసింది ఇసుక, ఆ ఇసుకలో ఇదే ఓడ జనం. ఆయనకి ఒళ్లు మండిపోయింది.

అదిగో, ఆ ఇసుక దగ్గరే మొదలైంది. తిరిగొచ్చిన జనం తడి చెప్పులతో లిఫ్టులెక్కారు. మర్నాటికి భోజనాల హాలు పక్క లిఫ్టు తలుపు గీరుకుంటూ మూసుకుంటోంది. ఎవరికీ వినపడని ఆ చప్పుడు ఆయన చెవిలో పోరు పెట్టింది. తలుపు నడిచే గాడిలో ఇసుక చేరిందని, ఊడవకపోతే ఇరుక్కుంటుందని వెళ్లి కౌంటర్లో చెప్పాడు. కౌంటరమ్మాయి చిరునవ్వు నవ్వి, జ్యూసు కూపన్ చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రమే కూతురు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. "టేబుల్ టెన్నిస్ పోటీ ఉంది నాన్నా. పిల్లలూ, వాళ్ల అమ్మో నాన్నో జతగా ఆడాలి. ఆవలెల్లుండి పదకొండింటికి. మీ పేరిచ్చాను" అంది. ఆయన సరేనన్నాడు. బ్యాటు పట్టి ఎన్నేళ్లయిందో. రెండురోజులూ పైఅంతస్తులో పొద్దున్నే టేబుల్ దొరకబుచ్చుకుని ఆడారు. ఆయన బంతి వేస్తే నేరుగా సముద్రంలోకే. రెండో రోజు కూతురు కడుపు పట్టుకుని నవ్వి, "నువ్వు బంతిని కొట్టొద్దు నాన్నా, ఊరికే ఆపు చాలు" అంది. నువ్వు అంది. ఓడవాళ్ల మీద ఆయనకున్న కోపంలో సగం అక్కడే చల్లారింది.

పోటీ రోజు పదకొండుకి పది నిమిషాలుండగా బ్యాటు పట్టుకుని బయల్దేరాడు. మెట్లెక్కి పోతే సరిపోయేది. భోజనాల హాలు పక్క జనం మూగి ఉన్నారు. లిఫ్టు తలుపు జానెడు తెరుచుకుని బిగుసుకుపోయింది. లోపల ఒక ముసలి జంట. ఇద్దరూ తాపీగా ఐస్‌క్రీమ్ తింటున్నారు. భయంలేదు, గాలీ వెలుతురూ ఉన్నాయి.

"చెప్తే విన్నారా?" అన్నాడు లిఫ్టాయన ఎవరితోనో. బ్యాటు కింద పెట్టి, హాల్లోంచి ఒక చెంచా తెచ్చి, తివాచీ మీద బోర్లా పడుకుని గాడిలో ఇసుక గోకడం మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో ఓడ మెకానిక్కులు ఇద్దరొచ్చారు. మర్యాదగానే లేవమన్నారు. లేచాడు, కానీ కదల్లేదు. అది అలా కాదు, ముందు ఈ పక్క ఊడవాలి అంటూ వాళ్ల తలమీద నిలబడ్డాడు. ముసలి జంట బయటికి వచ్చి, థాంక్స్ చెప్పి మెకానిక్కుల చేతులు ఊపింది. ఆయనవైపు చూడనైనా లేదు.

పైకి పరిగెత్తేసరికి పదకొండున్నర దాటింది. టేబుల్ దగ్గర వేరేవాళ్లు ఆడుతున్నారు. జత రాలేదని కూతుర్ని పక్కన కూర్చోబెట్టారు. భార్య ఎదురొచ్చింది.

"మిమ్మల్ని ఎవరు పిలిచారు?" అంది.

"లిఫ్టు ఆగిపోయిందే. లోపల మనుషులు..."

"అది కాదు. ఎవరు పిలిచారు?"

పాతికేళ్లలో మొదటిసారి, ఎవరూ పిలవకుండా వెళ్లాడు.

కూతురు లేచి వచ్చింది. "పర్లేదు నాన్నా, పదండి, భోజనానికి వేళయింది" అంది.

దిగే రోజు గుమ్మం దగ్గర ఒకమ్మాయి పలక లాంటిది పట్టుకుని, ప్రయాణం ఎలా ఉందో ప్రతి కుటుంబాన్నీ అడుగుతోంది. ఆ ప్రశ్న కోసమే లిఫ్టాయన వారం రోజులుగా కాచుకుని ఉన్నాడు. వరసలు, ఇసుక, అగ్గిపెట్టె గది, జ్యూసు కూపను, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఓడని కడిగిపారేద్దామని గొంతు సవరించుకున్నాడు.

కూతురే ముందు చెప్పింది.

"బాగుందండీ. మా ఇంట్లో ఉన్నట్టే ఉంది."

ఆ అమ్మాయి మురిసిపోయి అయిదు నక్షత్రాలు నొక్కింది. లిఫ్టాయన పెట్టె భుజానికెత్తుకుని దిగిపోయాడు.