మిషను ఏ పేటలో పెట్టాలి

మా పిన్ని ఏ గుడ్డనూ ఒక్కసారిగా కుట్టేయదు. ముందు పెద్ద పెద్ద కుట్లతో వదులుగా అంటించి, మనిషికి తొడిగి, చుట్టూ తిరిగి చూసుకుని, ఆ తర్వాతే మిషను దగ్గర కూర్చుంటుంది. ట్రయల్ వెయ్యనిదే తన చేతిలో కత్తెర కదలదంటుంది.

"నన్నొక్కణ్ణే ట్రయల్ వెయ్యకుండా తీసుకుంది. అందుకే ఇప్పటికీ సరిపోలేదు" అని బాబాయి వెక్కిరిస్తుంటాడు.

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. నడుము నొప్పి వల్ల ఈ ఏడాదితో ఉద్యోగం మానేస్తున్నాడు. ఇకమీదట ఇల్లు గడవాల్సింది పిన్ని మిషను మీదే. సరిగ్గా ఈ సమయంలోనే వాళ్లు అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టాడు. ఇన్నేళ్లుగా దాచుకున్నది ఒక్క ఇంటికి సరిపోతుంది. తప్పు పేటలో కొంటే దిద్దుకునే వీలు లేదు.

చూసిన ఇళ్లలో రెండు మిగిలాయి. ఒకటి వంతెన అవతల కొత్త పేటలో, మూడో అంతస్తు ఫ్లాటు. రెండోది మార్కెట్ వెనక సందులో పాత ఇల్లు. బాబాయికి కొత్త పేటంటే ప్రాణం. అతని బస్సుకు అదే ఆఖరి స్టాపు. "అక్కడికి చేరేసరికి చెవుల్లో దూది పెట్టినంత ప్రశాంతంగా ఉంటుంది" అని ఎన్నేళ్లుగానో చెబుతున్నాడు. ఆ ఫ్లాటుకు ఇంకో పార్టీ సిద్ధంగా ఉందనీ, సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చాలనీ బ్రోకరు కబురు పెట్టాడు.

"రెండు చోట్లా కాసేపు కూర్చుని చూడందే నేను చెప్పను" అంది పిన్ని. సంచిలో అంచు కుట్టాల్సిన గౌను ఒకటి పెట్టుకుని, నన్నూ రమ్మంది.

బస్సులో బాబాయి డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా అతని కుడికాలు నేలను నొక్కుతూనే ఉంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "అన్నా, కాసేపు నన్ను కూడా నడపనివ్వు" అన్నాడు. బాబాయి నవ్వలేదు. పొద్దుట్నుంచీ ఎందుకో ముళ్ల మీద కూర్చున్నట్టు ఉన్నాడు.

వంతెన దాటేసరికి బస్సులో మేం ముగ్గురమే మిగిలాం.

ఫ్లాటు బాగుంది. తెల్లటి గోడలు, మంచి గాలి, గుమ్మం పక్కనే లిఫ్టు. పిన్ని కిటికీ దగ్గర నిలబడి అరచేతి మీద వెలుతురు ఎంత పడుతోందో చూసుకుని తల ఊపింది. బాబాయి మొహం విప్పారింది. కానీ ఆమె కిందికి దిగి, గేటు దగ్గరి బెంచీ మీద కూర్చుని గౌను ఒళ్లో పరుచుకుంది. అంచు సగం పూర్తయింది. ఒక్కరూ నడిచి రాలేదు. కార్లు నేలమాళిగలోంచి పైకొచ్చి, అద్దాలు దించకుండానే వెళ్లిపోతున్నాయి.

కాపలా మనిషి వచ్చాడు. "ఎవరు కావాలమ్మా?"

"మనుషులు" అంది పిన్ని.

అతను బాబాయి వైపు అనుమానంగా చూశాడు. పిన్ని సూది ఆపి, "ఇక్కడివాళ్లు బట్టలు ఎక్కడ కుట్టించుకుంటారు బాబూ?" అని అడిగింది.

"కుట్టించుకోవడమేంటి? పెట్టెల్లో ఇంటికే వస్తాయి. సరిపోకపోతే అదే పెట్టెలో వెనక్కి పంపేస్తారు."

అతను వెళ్లాక బాబాయి గొంతు తగ్గించి అన్నాడు. "అయితే ఏంటి? నీ పాతవాళ్లు బస్సెక్కి రారా?"

"మీ బస్సులో ఇక్కడిదాకా ఎవరొచ్చారో చెప్పండి."

బాబాయి గేటు బయటి ఖాళీ రోడ్డు వైపు చూశాడు. ఆ పేటను అతను ఎప్పుడూ స్టీరింగు వెనక నుంచే చూశాడు. బండి తిప్పుకుని వెళ్లిపోవడమే తప్ప దిగి నాలుగడుగులు వేసింది లేదు. ఖాళీ బస్సులోని నిశ్శబ్దాన్ని పేట ప్రశాంతత అనుకున్నాడు.

మార్కెట్ వెనక సందులోకి వెళ్లేసరికి ఎండ వాలింది. తోపుడు బళ్లు, వడ్రంగి కొట్లో రంపం చప్పుడు, అడ్డంగా పడుకున్న కుక్క. ఇంటి ముందుగది నేరుగా సందులోకే తెరుచుకుంటుంది. ఎవరైనా నడుస్తూ నడుస్తూ లోపలికి తొంగిచూడొచ్చు. వెనకగోడ మాత్రం చెమ్మెక్కి ఉంది. బాబాయి వేలితో కొడితే పెచ్చు ఊడి కాళ్ల మీద పడింది.

"ఇది గోడ కాదు, నానిన బిస్కెట్టు!"

పిన్ని వినిపించుకోలేదు. ఎదుటివైపు చూస్తూ నిలబడిపోయింది. అక్కడ ఒక టైలరు కొట్టు ఉంది. పెద్ద కళ్లద్దాలు, మెడలో టేపు వేసుకున్న ముసలాయన కోటు కత్తిరిస్తున్నాడు. పిన్ని మొహంలో రంగు మారడం నేను చూశాను. ఇక్కడా కుదరకపోతే ఇంకెక్కడ?

కొట్టు ముందు ఒకావిడ అరుస్తోంది. "మాస్టారూ, రేపే బడి తెరుస్తున్నారు! పిల్లకు యూనిఫాం ఇస్తారా, గుడ్డ చుట్టి పంపమంటారా?"

"నాకున్నవి రెండు చేతులేనమ్మా." ఆయన తలెత్తి మమ్మల్ని చూశాడు. "ఇల్లు చూడ్డానికొచ్చారా? ఏం చేస్తుంటారు?"

"కుడతాను" అంది పిన్ని.

కత్తెర ఆగింది. "ఈ సందుకు నేను చాలు."

"ఆవిడకు చాలినట్టు లేరే!"

ఆవిడ కిసుక్కున నవ్వింది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. "నోరు బాగానే ఆడుతోంది. చెయ్యి సంగతేంటో!"

అప్పుడే బాబాయి ఫోను మోగింది. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని చెవి మొద్దుబారడంతో అతను ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు. ఆ అలవాటు కొద్దీ ఇప్పుడూ నొక్కేశాడు. బ్రోకరు గొంతు సందంతా వినిపించింది.

"సార్, పొద్దున మీరు ఖాయం చెయ్యమన్నారని ఆ పార్టీని పంపించేశాను. కాగితాలు రాయించనా?"

పిన్ని మెల్లగా భర్త వైపు తిరిగింది. "పొద్దునే చెప్పేశారా? మరి నన్నెందుకు తిప్పినట్టు?"

"చూస్తే నీకే నచ్చుతుందనుకున్నానే."

"నచ్చింది. ఇల్లు నచ్చింది. అక్కడ కూర్చుని ఎవరికి కుట్టను? మీ పెన్షను మందులకే చాలదు. తినేదేంటి?"

"సార్? వింటున్నారా?"

"మాటిచ్చేశాను" అన్నాడు బాబాయి.

"మాట మీరొక్కరే ఇచ్చారు. బతకాల్సింది ఇద్దరం."

రంపం ఆగింది. యూనిఫాం ఆవిడ కూడా అరవడం మానేసి చూస్తోంది. బాబాయి ఫోను వైపూ, పిన్ని వైపూ చూశాడు. నేను తల దించుకున్నాను.

"తప్పు నాదే" అన్నాడు చివరికి ఫోనులో. "మాకు వద్దండీ. ఆ పార్టీని మళ్లీ పిలుచుకోండి."

"ఈ వయసులో ఇదేం పనండీ? మాటంటే లెక్కలేదా? వాళ్ల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?" బ్రోకరు దులిపేశాడు. బాబాయి స్పీకరు తీసేయలేదు. అందరి ముందూ నిలబడి ఆఖరి మాటదాకా విన్నాడు. ఆ తర్వాత ఎవరివైపూ చూడకుండా లోపలికెళ్లి చెమ్మగోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"ముందు దీనికో తాపీమేస్త్రీ కావాలి" అన్నాడు గోడతోనే.

పిన్నికి కోపం ఇంకా దిగలేదు. కొంగు మూలతో మొహం తుడుచుకుని సందు దాటింది.

"మాస్టారూ, నా టేపు ఇంట్లో ఉండిపోయింది. ఒకసారి ఇలా ఇవ్వండి."

ఆయన మెడలోంచి తీస్తూ తటపటాయించాడు. "కాజాలు చేత్తో వేస్తావా, మిషను మీదేనా?"

"చేత్తో."

"ఊ." టేపు ఆమె చేతిలో పెట్టాడు. "మళ్లీ ఇస్తావా మరి?"

"ఎదురింట్లోనేగా ఉంటాను" అని పిన్ని వెనక్కి వచ్చి, టేపు ఒక కొస నా చేతికిచ్చి, గుమ్మం నుంచి కిటికీదాకా కొలవడం మొదలుపెట్టింది.