ఒక పూట దుప్పట్లు

హిందూపురంలో తిమ్మరాజుకు షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, పరుపులు బాడుగకిచ్చే అంగడి ఉంది. అందులో తెల్ల దుప్పట్లు ఉతికి మడతపెట్టడం గోవిందమ్మ పని. పెళ్లివాళ్ల విడిది నుంచి దుప్పట్లు ఏ రూపంలో తిరిగొస్తాయో చెప్పుకోకపోవడమే మేలు. పాయసం, వక్కాకు ఉమ్మి, పసిబిడ్డల ఉచ్చ, తాగినవాళ్ల కక్కు. అన్నిటినీ ఆమె మోచేతుల దాకా తొట్టిలో ముంచి ఉతుకుతుంది. మొగుడు పోయాక ఇద్దరు బిడ్డల్ని ఆ తొట్టి దగ్గరే పెంచింది. "మనిషి మురికికి రోసుకుంటే అన్నం యాడొస్తాది?" అంటుంది. ఆరిన దుప్పటిని మాత్రం వాసన చూడకుండా మడవదు. మనసుకు నచ్చకపోతే మళ్లీ తొట్టిలోకే. పనివాళ్లు చాటుగా 'మడి గోవిందమ్మ' అని నవ్వుకుంటారు.

పోయిన ఎండాకాలం పెనుకొండ నుంచి కిషోర్ అనే అతను అంగడికి వచ్చాడు. అక్కడొక ప్రైవేటు ఆసుపత్రికి మేనేజరు.

"తెల్ల దుప్పట్లు, దిండు గలీబులు, కిటికీ పరదాలు కావల్లన్నా. ఒక్క పూటకే."

"పెండ్లెవురిదప్పా?" అన్నాడు తిమ్మరాజు.

"పెండ్లి కాదన్నా. నాణ్యత సర్టిఫికెట్ ఇచ్చేకి సార్లు వస్తాండారు. ఆస్పత్రంతా చూస్తారు."

"దానికి హిందూపురం దాకా యాల? మీ ఊర్లో ఇచ్చేవాళ్లు లేరా?"

"ఉండారు. ఆడ ప్రతి పెండ్లిలో ఆ దుప్పట్లే కదా. చూస్తానే మా పేషెంట్లు గుర్తుపడతారు."

తిమ్మరాజు కడుపు పట్టుకుని నవ్వాడు. "మా దుప్పట్లు పరీక్షకు పోయేది ఇదే మొదులు. పాసైతాయిలేప్పా."

కిషోర్ నవ్వలేదు. మూలన ఎర్ర దారంతో కుట్టిన అంగడి పేరు పరుపు కిందికి పోయేలా పరవాలని మాత్రం రెండు మూడుసార్లు చెప్పాడు.

పరిచి, సాయంత్రం తీసుకొచ్చే పని గోవిందమ్మదే అయింది. లగేజీ ఆటో నడిపే ఎల్లప్పతో కలిసి పొద్దున్నే పెనుకొండ చేరింది. ఆడవాళ్ల వార్డులో అడుగు పెట్టగానే ఆమె కాళ్లు ఆగిపోయాయి. ఫినాయిలు ఘాటుగా కొడుతోంది. దాని అడుగున ఇంకో వాసన ఉంది. కుళ్లిన వాసన. మంచాల మీద రెక్సిన్ పరుపులు చీలిపోయి, లోపలి స్పాంజి పాత నెత్తురు పీల్చి నల్లబడి ఉంది. ఒక చీలికలో చీమలు బారు కట్టాయి. మంచాల కింది బక్కెట్లలో చీము దూది, విప్పిన కట్లు. వాటిని ఆయాలు హడావుడిగా స్నానాలగదిలోకి తోసి తాళం వేశారు.

"ఇదేం గబ్బు తల్లీ!" అంది గోవిందమ్మ.

నర్సు ప్రమీల తల వంచుకునే జవాబు చెప్పింది. "ఉతికే మిషన్ చెడిపోయి శానా నాళ్లాయక్కా. అడిగి అడిగి మా నోరు నొచ్చె. ఇంటికాడ నుంచి గుడ్డలు తెచ్చుకోమని పేషెంట్లకు చెప్తాండాం."

గోవిందమ్మ ఊపిరి బిగబట్టి దుప్పట్లు పరిచింది. ఆ చీమల పరుపు మీద కూడా పరిచింది. పరిచిన కొద్దీ వార్డు తెల్లగా వెలిగిపోయింది.

సార్లు వచ్చారు. పరదాలు చూశారు, కొత్త సబ్బు చూశారు, గోడ మీద చేతులు కడుక్కునే బొమ్మ చూశారు. ఎవరూ దుప్పటి ఎత్తలేదు. తాళం వేసిన గది ఏమిటని అడిగితే "రిపేరులో ఉండాది సార్" అన్నాడు కిషోర్. ఫొటోలు తీసుకుని, భోంచేసి, ధర్మవరంలో రైలు అందుకోవాలని వెళ్లిపోయారు.

కారు గేటు దాటిందో లేదో, "ఊ, తీసేయండి" అన్నాడు కిషోర్.

మూడు మంచాలు అయ్యాయి. నాలుగో మంచం మీద వనిత అనే పిల్ల పక్కకు ఒత్తిగిలి బిడ్డకు పాలిస్తోంది. ఆపరేషన్ కాన్పు. ఆమె అత్త ఈరక్క, ఆమడగూరు దిక్కు గొర్రెలు మేపుకునే మనిషి, కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

"ఈపొద్దే నా కోడలు కాసేపు నిద్రపోయిందమ్మా," అంది ఈరక్క. "మంచి గుడ్డ ఏసినారు. పుణ్యముంటాది."

గోవిందమ్మ దుప్పటి వైపు వంగింది. అంచు పట్టుకుని మెల్లగా లాగింది. వనిత కెవ్వుమంది. కడుపు మీది కట్టు చెమ్మగిల్లి దుప్పటికి అంటుకుపోయింది. అంటుకున్న చోట పసుపుపచ్చగా, జిగటగా మరక. కింద చీలిన పరుపు బయటపడింది. పసిబిడ్డ చెయ్యి ఆ చీలిక మీద పడింది.

గోవిందమ్మ బిడ్డ చేతిని తీసి తన కొంగుతో తుడిచింది. దుప్పటిని మళ్లీ కిందికి సర్దింది. తర్వాత మూట విప్పి, తీసిన మూడు దుప్పట్లూ ఆ మూడు మంచాలకే పరిచింది.

"ఏమ్మే, ఏం చేస్తాండావు?" కిషోర్ పరుగున వచ్చాడు. "బాడుగ ఒక్క పూటకే!"

"నేను తియ్యను. కావల్లంటే నువ్వు లాక్కో. ఈ పిల్ల కడుపు మీంది నుంచి నీ చేత్తో లాగు."

అతను ముందుకు రాలేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఎల్లప్పను కేకేశాడు. ఎల్లప్ప తిమ్మరాజుకు ఫోన్ కలిపి, సంగతి చెప్పి గోవిందమ్మ చేతికిచ్చాడు.

"రేపు లేపాక్షిలో పెండ్లి ఉండాది గదమ్మా! దుప్పట్లు లేకుంటే యట్ల?"

"ఈ దుప్పట్లేనా పెండ్లికి పరిచేది? చీము అంటింది సామీ."

"ఉతికితే పోదా?"

"ఉతుకుతా. ముందు నువ్వు పండుకుంటావా దాని మింద?"

"ఇడ్సి వచ్చెయ్," అన్నాడు తిమ్మరాజు. "వాటి దుడ్లు ఆ మేనేజర్‌తోనే కట్టిస్తా."

అప్పటికే ఈరక్క మంచం అంచున గట్టిగా కూర్చుని దుప్పటి చెంగు పిడికిట్లో పట్టుకుంది. ఆమెను చూసి పక్క మంచాల వాళ్ల బంధువులూ అట్లాగే కూర్చున్నారు. "మేం ఇయ్యము పోప్పా" అంది ఒక అవ్వ.

"సరే, ఉంచుకోండి. రెండు దినాలకు అవీ పరుపుల మాదిరే అయితాయి. ఉతికేదెవురు?" అన్నాడు కిషోర్.

గోవిందమ్మకు అతని మీద కన్నా ఆ మాట నిజమైనందుకు ఎక్కువ రోత పుట్టింది. ప్రమీల ఉప్పునీళ్ల సీసా, కొత్త దూది తెచ్చి, వనిత కట్టును తడిపి తడిపి నెమ్మదిగా విడదీసింది. విప్పిన కట్టు పడేయడానికి బక్కెట్ లేదు. స్నానాలగది తాళంచెవి కోసం చెయ్యి చాచింది. కిషోర్ ఇచ్చాడు. తలుపు తెరవగానే ఈగలు గుంపుగా వార్డులోకి వచ్చాయి.

హిందూపురం చేరేసరికి చీకటి పడింది. తిమ్మరాజు అంగడి ముందు నిలబడి ఉన్నాడు.

"దుడ్లిస్తానన్నాడులే ఆ మేనేజరు. మల్లా పరీక్ష ఉంటాదంట, ఆ పొద్దుకు గూడా దుప్పట్లు కావల్లన్నాడు. ఈసారి నిన్ను మాత్రం పంపొద్దంట."

"నువ్వేమన్నావు?"

"పెండ్లిండ్ల కాలం, తీరదన్నాను."

అది తప్పని మాత్రం అనలేదని ఆమెకు అర్థమైంది. మురుక్కాలవ దగ్గరికి పోయి కాండ్రించి ఉమ్మి, ఒంటి మీది చీర తడపడానికి తొట్టిలోకి నీళ్లు వదిలింది.