కళ్ళాపిలో తడిసిన పచ్చపురుగు

తిరువూరులో ముప్పై ఏళ్ళు కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. అలాంటివాడి ఇంట్లోనే అతనికంటే పురుగుల సంగతి బాగా తెలిసిన మనిషి ఉంటే కడుపు మండదా? నాకు మండింది. ఆ మనిషి నా భార్య. చదివింది పదో తరగతి.

మా వరండా లైటుకు వచ్చిన రెక్కలపురుగులు తెల్లారేసరికి గోడనంటుకుని ఉండేవి. విస్సన్నపేట రోడ్డు వైపంతా మామిడి తోటలు. అక్కడి చిగురు తిని పెరిగిన ఒక రకం పచ్చపురుగు రెక్కలు బార్లా పరిచి, గోడకు అతికించిన లేతాకులా కూర్చునేది. దాని పిల్లపురుగు నడుం పైకెత్తుతూ జానలు కొలిచినట్టు నడుస్తుంది. ఆవిడ రోజూ కళ్ళాపి చల్లేముందు గోడమీది రెక్కలపురుగుల్ని ఫోనులో ఫొటో తీసి పురుగుల గ్రూపులో పెట్టేది. ఆ గ్రూపులో చేర్పించింది నేనే. నా బుద్ధి గడ్డి తిని.

వారం తిరక్కుండానే, ఈ పురుగులతోనే జీవితం గడిపిన ఒక పెద్దాయన ఆవిడకు రాశాడు. "మేడం గారూ, ఇవి థలసోడెస్ అనే ప్రజాతివి. ఇందులో జాతులన్నీ పైకి ఒకేలా ఉంటాయి, కోసి చూస్తేగాని తేలవు. మీరు పిల్లపురుగుల్ని పెంచి చూడండి." నా ఫొటోలకు ఆయన బొటనవేలి బొమ్మ తప్ప మరొకటి పెట్టిన పాపాన పోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆవిడ రెండూ ఒకేసారి గెలిచింది. గాజు సీసాలో మామిడి చిగురు వేసి పురుగుల్ని పెంచుతుంటే, పచ్చడి సీసాలు పాడుచేస్తున్నావని గొణిగాను. పచ్చళ్ళ మీద నాకంత ప్రేమ ఎప్పుడూ లేదు.

ఒక ఉదయం మెట్టు పక్కన ఒక పురుగు చచ్చి పడుంది. గోడమీది పచ్చదాని ఆకారమే, అంతే పరిమాణం, రంగు మాత్రం పాలిపోయిన తెలుపు. ఆవిడ వంటింట్లో ఉంది. గబగబా ఫొటో తీసి, ఇది వేరే ప్రజాతి అని రాసి గ్రూపులో పెట్టేశాను. "చాలా ఆసక్తిగా ఉంది మాస్టారూ" అన్నాడు పెద్దాయన. ఆ పూట రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను.

సాయంత్రం ఆవిడ ఫోను పట్టుకుని నా పక్కన కూర్చుంది.

"ఏమండీ, ఇది నిన్నటి పచ్చదేనండి. నిన్న కళ్ళాపి చల్లేటప్పుడు చూసుకోలేదు, నీళ్ళల్లో పడిపోయింది. తడికి నాని రంగు పోయింది. మొన్నొకటి కూడా ఇట్టాగే తెల్లబడింది."

ఆ పచ్చదనం తడికి నిలవదని నేనూ ఎప్పుడో చదివే ఉంటాను. ఆ ఉదయం గుర్తు రాలేదు. రావాలని నేను కోరుకోనూ లేదు.

"గ్రూపులో చెప్పేశావా?"

"లేదండి. పొద్దున్నే చూశాను. మీరే సరిచేసుకుంటారులే అని ఊరుకున్నాను."

పొద్దుటి నుంచి ఊరుకుంది. నేనైతే నిమిషం ఆగేవాణ్ణి కాదు. "మేడం గారూ, పొరబడ్డారు" అని అందరిముందూ రాసి, రెండు పుస్తకాల పేర్లు కూడా తగిలించేవాణ్ణి. తప్పు నాదేనని గ్రూపులో నాలుగు ముక్కలు రాశాను. ఆవిడకు పురుగులు తెలుసునన్న కుళ్ళు ఈమధ్య కాస్త తగ్గింది. ఆవిడ అలా ఊరుకోగలిగిందే అన్న కుళ్ళు మాత్రం తగ్గలేదు.