సభ్యులు లేని సంఘం

కండక్టరు గారికి ఉన్నది ఒక్కటే అలవాటు. పేట పార్కులోకి కాలుపెట్టిన మనిషిని పదవి ఇవ్వకుండా బయటికి పంపరు. ముప్పై ఏళ్లు సిటీ బస్సులో టికెట్టు లేని ప్రయాణికుణ్ణి ఒక్కణ్ణి కూడా వదలని మనిషి ఆయన. రిటైరయ్యాక పార్కునూ, దాని వెనకనున్న కూరగాయల మడులనూ నెత్తిన వేసుకున్నారు గాని పద్ధతి మార్చుకోలేదు. చొక్కా జేబులో చిన్న చీటీల పుస్తకం, చెవి మీద పెన్సిలు. గేటు దగ్గర ఎదురొచ్చి, మనిషిని పాదాల నుంచి పైకి ఒకసారి చూసి, చీటీ మీద ఏదో గీకి, చర్రున చింపి చేతిలో పెడతారు. అంతే, మీరు బండెక్కినట్టే.

ఒకాయన రోడ్డు మోతలో ఫోను వినపడక పార్కులోకి వచ్చి నిలబడ్డాడు. ఫోను పెట్టేసేసరికి ఆయన గేటు శాఖ కార్యదర్శి.

"నేను ఈ పేట వాణ్ణి కాదండీ," అన్నాడాయన చీటీ వెనక్కి ఇవ్వబోతూ.

"గేటు కూడా ఈ పేటది కాదు. పక్క పేటలో పాతదని పీకి పడేస్తే తెచ్చి పెట్టుకున్నాం. మీ ఇద్దరికీ బాగా సర్దుకుంటుంది," అన్నారు కండక్టరు గారు.

ఆ మనిషి ఇప్పటికీ రోజూ రెండు స్టాపులు బస్సెక్కి వచ్చి మరీ గేటు తీస్తాడు, మూస్తాడు, వచ్చినవాళ్లందరినీ పలకరిస్తాడు.

నీళ్లు వృథా అవుతున్నాయని కుళాయి కనెక్షను కోసెయ్యడానికి వచ్చిన ఆఫీసరు కుళాయిల గౌరవ సలహాదారై తిరిగి వెళ్లాడు. ఆ రోజు నుంచి కుళాయి ఒక్క చుక్క కారలేదు. సలహాదారు సొంత కుళాయి కారితే ఎంత నామర్దా. పళ్ల డాక్టరు గారు గాలి పీల్చుకోవడానికి వస్తే, "మీ చేతికి పట్టకారు అలవాటే గదా," అని నత్తల విభాగం అప్పగించారు. ఆయన ప్రతి నత్తనూ ఎంతో మర్యాదగా, నొప్పి పుట్టకుండా ఆకు మీంచి ఊడదీస్తారు.

ఇలా ఆరేళ్లలో పదవులు ముప్పై ఏడయ్యాయి. ఒకసారి మీటింగు పెట్టి, "పదవుల్లో ఉన్నవాళ్లు అరుగు మీదికి రండి, మామూలు సభ్యులు కుర్చీల్లో కూర్చోండి," అన్నారు. ముప్పై ఏడుగురూ అరుగెక్కారు. కింద కుర్చీలు కుర్చీల్లాగే ఉన్నాయి. చోటు చాలక అరుగు మీద ఒంటికాలితో నిలబడలేక నీళ్ల గొట్టం శాఖ జారి పూలకుండీలో పడింది.

మేనేజరు గారు ఈ సంఘంలో చేరిన వైనమే అసలు కథ. ఇది ఆయనే స్వయంగా పదిమందిలో చెప్పుకుని, అందరికంటే ముందు తానే నవ్వే కథ.

మేనేజరు గారు ఊరి బడిలో ఎనిమిదో తరగతి చదివి, నూలు మిల్లులో హమాలీగా చేరి, స్టోర్సు మేనేజరై దిగినవారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు. కింద నలభై ఇద్దరు. తొమ్మిదివేల రకాల సామాను. కళ్లు మూసుకుని బోల్టు తడిమి సైజు చెప్పేవారు. ఒక స్ట్రైకును ఒకే ఒక్క ఉపన్యాసంతో ఆపారు. ఈ వివరాలన్నీ ఎవరూ అడగకుండానే ఎలా తెలిశాయంటారా? ఎవరూ అడగకుండానే ఆయన చెబుతారు గనుక.

రిటైరైన మర్నాడు పొద్దున పదిగంటలకు ఆయన సోఫాలో కూర్చుని ఉండగా భార్య చీపురుతో వచ్చి, "కాస్త కాళ్లెత్తండి," అంది. ఎత్తారు. నలభై ఇద్దరికి ఆజ్ఞలు వేసిన మనిషికి ఇక మిగిలింది రోజూ ఆ ఒక్క ఆజ్ఞ పాటించడమే అని ఆయనకు అప్పుడే తెలిసింది. ఏదో ఒకటి చెయ్యాలని వంటింట్లో దూరి డబ్బాలకు నంబర్లు అంటించారు. మధ్యాహ్నం ఆవిడ వచ్చి చూసి, "ఏమండీ, ఇక నాకు చెంచా కావాలంటే మీ సంతకం పెట్టించుకోవాలా?" అంది.

అలా ఆయన పార్కు బెంచీకి వచ్చారు. కండక్టరు గారు పక్కన చేరి, "ఎందాకా?" అని అడిగారు.

మేనేజరు గారు హమాలీ రోజుల నుంచి మొదలుపెట్టి స్ట్రైకు దాకా వచ్చేసరికి గంటన్నర. కండక్టరు గారు ఎక్కడా అడ్డు రాకుండా విని, పెన్సిలు నాలుకకు తాకించి చీటీ రాసి ఇచ్చారు. కలుపు విభాగం అధ్యక్షులు.

మేనేజరు గారికి అధ్యక్షులన్న మాట నచ్చింది. కలుపన్న మాట నచ్చలేదు.

"నా కింద ఎంతమంది?" అని అడిగారు.

"ప్రస్తుతానికి కలుపేనండీ."

మింగుడు పడలేదు గాని, మర్నాడు పదింటికి ఇస్త్రీ చొక్కాతో హాజరయ్యారు. "మా ఊరి బడిలో పాఠాల కంటే తోటపనే ఎక్కువ, మాస్టారి బెండ మడులన్నీ నా చేతుల మీదే పెరిగాయి, ఆకు కొస చూస్తే జాతి చెబుతాను," అని ఆ సాయంత్రం నత్తల డాక్టరుకు తెలియజేశారు. బోల్టుల సంగతి కూడా తెలియజేశారు. డాక్టరు నోట్లో పళ్లు ఎన్ని ఉన్నాయో అన్నీ కనిపించేలా ఆవలించారు.

నెల రోజులు కలుపు గడగడలాడింది. పీకిన గడ్డిని జాతుల వారీగా కుప్పలు పోసి, కుప్పకో నంబరు వేసి, పైన రాయి పెట్టేవారు. ఆ నెలలో ఆయన ఇంట్లో ఒక్కసారి కూడా కాళ్లెత్తలేదు.

ఇక్కడ నర్సమ్మ గురించి చెప్పాలి. ముప్పై అయిదేళ్లు ఆసుపత్రిలో పనిచేసిన మనిషి. ఆవిడ పార్కు వెనకనున్న తన మడిని కూడా వార్డు చూసినట్టే చూసేది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వచ్చి, మట్టిలో వేలు పెట్టి తడి చూసి, వరసగా అన్ని మొక్కల్నీ పరామర్శించి వెళ్లేది. ఆ ఏడాది మొట్టమొదటిసారిగా క్యారెట్టు వేసింది. నలభై రోజులైంది.

ఒక శనివారం ఆవిడ ఆలస్యంగా పదకొండున్నరకు వచ్చేసరికి మడి అద్దంలా ఉంది. పక్కన మేనేజరు గారు చేతులు కట్టుకుని, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

"రండి చెల్లెమ్మా. మీ మడిలో ఒక్క పరక మిగల్లేదు. పొద్దుటి నుంచి నడుం ఎత్తలేదంటే నమ్మండి."

నర్సమ్మ కుప్ప వైపు చూసింది. సన్న సన్న ఆకుల కింద చిటికెన వేలంత వేర్లు, ఎర్రగా.

"అన్నయ్యగారూ, ఇదేమిటి?"

"పదిహేడో నంబరు. బాగా మొండి జాతి. వేరు లావుగా ఉంది. రంగు చూశారా, రంగు కూడా అనుమానంగా ఉంది."

జరిగిందేమిటంటే, మేనేజరు గారి ఊళ్లో క్యారెట్టు పండదు. ఆయన జీవితంలో వేల క్యారెట్లు తిన్నారు గాని, ప్రతి క్యారెట్టునూ తల తీసేశాకే చూశారు. దానికి జుట్టు ఉంటుందని, ఆ జుట్టు ఇలా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. చెప్పబోయినవాళ్లుంటే ఆయన వాళ్లకు బోల్టుల సంగతి చెప్పి ఉంటారు.

నర్సమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపు మీటింగులో తేల్చుకుందాం. ఆ పదవిలో ఆయనుంటే మడిలో నేనుండను," అని కండక్టరు గారికి చెప్పి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా మేనేజరు గారు కూర్చుని నాలుగు పేజీల ఉపన్యాసం రాశారు. పదవి పోతే సోమవారం పొద్దున పదింటికి సోఫా తప్ప దిక్కులేదు. భార్య పేజీలు చూసి, "హమాలీ ఉంది, మిల్లుంది, స్ట్రైకుంది. క్యారెట్టు మాట ఎక్కడా లేదేమిటండీ?" అంది.

"అది చివర్లో సందర్భాన్ని బట్టి వస్తుంది," అన్నారు. రాదని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం ముప్పై ఏడు శాఖలూ హాజరయ్యాయి. మేనేజరు గారు లేచి మొదటి పేజీ చదివారు. రెండో పేజీలో స్ట్రైకు దగ్గరికి వచ్చేసరికి నర్సమ్మ, "అన్నయ్యగారూ, అక్కడ స్ట్రైకు ఆపారు, సంతోషం. ఇక్కడ నా క్యారెట్లు ఎందుకు ఆపారు?" అంది.

అందరూ నవ్వారు. నత్తల డాక్టరు ముఖం తిప్పుకుని నవ్వారు. మేనేజరు గారు అదే వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చదవబోయి ఆగారు.

నర్సమ్మ కాస్త తగ్గింది. "తీసెయ్యమని నేను అనడం లేదు. మార్చండి. గేటుకు పెట్టండి, గొట్టానికి పెట్టండి. ఆకులున్నవేవీ ఆయన చేతికి ఇవ్వకండి."

ఏ మాటకీ ఎదురు చెప్పని కండక్టరు గారు ఆ రోజు తల అడ్డంగా ఊపారు.

"కుదరదు చెల్లెమ్మా. గేటంటే అరగంట పని. గొట్టమంటే గంట. మేనేజరు గారికి పది నుంచి ఒంటిగంట దాకా సరిపడాలి. కలుపైతేనే గదా, ఎప్పటికీ అయిపోదు."

బస్సు టైములు చెప్పినంత మామూలుగా చెప్పారు. గేటు శాఖ మనిషి తన గేటు వైపు చూశాడు. ఇంట్లో ఆయన ఒక్కడే. ఇక్కడ రోజూ అరవై మందిని పలకరిస్తాడు. నత్తలు బయటికి వచ్చేది సాయంత్రం. డాక్టరు గారి క్లినిక్కులో కుర్చీ ఖాళీగా ఉండేదీ సాయంత్రమే. ఎవరి చీటీ సంగతి వాళ్లకు నెమ్మదిగా తట్టడం మొదలైంది. తట్టినట్టు ఒకరికొకరు కనిపించకూడదని అందరూ చెప్పుల వైపు చూసుకున్నారు.

మేనేజరు గారు మిగతా రెండు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నారు.

"చెల్లెమ్మా, నాకు క్యారెట్టు ఆకు తెలియదు," అన్నారు.

ఎనిమిదో తరగతి పరీక్ష తర్వాత ఆయన నోట తెలియదన్న మాట రావడం అదే మొదలు. అప్పుడు కూడా మాస్టారు చాలాసేపు నిలబెడితే గాని రాలేదట. ఇది ఆయన చెప్పినదే.

"ఈ ముక్క మడిలో దిగకముందు అనవలసింది," అంది నర్సమ్మ. కొంగు దోపుకుని, "రేపు పదింటికి రండి. మళ్లీ విత్తనం వేద్దాం. నేను చెప్పేదాకా ఏదీ పీకకూడదు," అంది.

"గడ్డి కూడానా?"

"గడ్డి కూడా."

మీటింగు అయిపోయాక మేనేజరు గారు కండక్టరు గారి పక్కన నడిచారు. ఆ మనిషి వైపు చూస్తే, ఇన్నాళ్లూ తాను చెప్పినదంతా వింటూ ఈయన వేరే ఏదో లెక్క చూసుకున్నారని అర్థమై, కొంచెం సిగ్గుగా ఉంది, కొంచెం హాయిగా ఉంది. చివరికి, అధ్యక్షుల హోదా మరీ జారిపోకుండా గొంతు సవరించుకున్నారు.

"ఒక మాట. నా పనితనం మీకు తెలియదు. నేను గట్టిగా పట్టుబట్టి ఒక ఏడాదిలో కలుపంతా తీసేశాననుకోండి. అప్పుడు నా గతేమిటి?"

కండక్టరు గారు ఆగి, ఆ మాటను నిజంగానే ఆలోచించారు.

"తీసేసిన రోజు ముందుగా ఒక మాట చెప్పండి," అన్నారు. "ఎక్కడి నుంచైనా ఓ బండెడు తెప్పిస్తాను."