పొద్దునపూట ఆగిపోయే క్రూయిజ్

మల్లాపూర్‌లో నాది కార్ల కరెంటు పనుల షెడ్డు. ఒక చలికాలం టీచరమ్మ ఒకావిడ కారు తెచ్చింది. పాత కస్టమరే, దసరాకు ఆ కారుకు నా షెడ్డులోనే పూజ చేశాను. ఇల్లు మేడిపల్లి, బడి జనగామ అవతల. యాక్సిడెంట్‌లో కుడి మోకాలు దెబ్బతిన్నది. బస్సులో నిలబడలేదు. హైవే మీద వేగాన్ని దానంతటదే ఒకేలా ఉంచే క్రూయిజ్ కంట్రోల్ వేసి, కాలు తీసి పక్కన పెట్టుకుంటేనే అంత దూరం నడపగలదు. అదేమో నెల రోజులుగా పొద్దునపూట మధ్యలోనే ఆగిపోతోంది. ఇట్లాగే ఉంటే ఉద్యోగం మానేయడమేనని మెల్లగా చెప్పింది.

సాయంత్రం దాకా వెతికాను. బ్రేకు స్విచ్, ఫ్యూజు, స్టీరింగ్ లోపలి కేబులు అన్నీ బాగున్నాయి. రింగు రోడ్డు మీద నడిపితే ఒక్కసారీ ఆగలేదు. షోరూమువాళ్లు స్టీరింగ్ మొత్తం మార్చాలన్నారట. నాకు ఒళ్లు మండింది. తప్పెక్కడుందో తెలియకుండా సామాను మార్చడం నా లెక్కలో రిపేరు కాదు.

"రేపు పొద్దుగాల మీతోని నేనొస్త మేడం. దొరికేదాంక ఇడ్వ," అన్నాను.

మర్నాడు మంచులో బయలుదేరాం. స్టీరింగ్ బటన్ల నుంచి తీగలు లాగి, కరెంటు కొలిచే మీటరుకు కలిపి ఒళ్లో పెట్టుకున్నాను. ఘట్‌కేసర్ దాటాక క్రూయిజ్ పడిపోయింది. ఆమె పళ్ల బిగువున కాలు మళ్లీ పెడల్ మీద పెట్టింది. ఎవరూ ముట్టకుండానే, క్రూయిజ్‌ను ఆపే క్యాన్సిల్ బటన్ సగం నొక్కినట్టు మీటరు చూపిస్తోంది. ఎండెక్కాక అదే మీటరు అంతా సరిగ్గా ఉందంది. అంటే ఇది తేమ పని.

బడి గేటు ముందే బ్యాటరీ తీగ ఊడదీసి, స్టీరింగ్ విప్పి, ఆ బటన్ తెరిచాను. లోపల ఎర్రగా, పసుప్పచ్చగా పొరకట్టి ఉంది. దసరానాడు వేలు నీళ్లలో ముంచి స్టీరింగ్ మీద నేను పెట్టిన పసుపు కుంకుమ బొట్టు. కారి లోపలికి దిగింది. తేమ తగిలితే కరెంటు దాని గుండా పోతోంది, ఎండితే ఆగుతోంది.

దుమ్ము చేరిందని చెబితే సరిపోయేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఆమె బడి మెట్టు మీద కూర్చుని మోకాలు నొక్కుకుంటోంది. సిగ్గేసింది.

"పాడు జేసింది నేనే మేడం. దసరా బొట్టు లోపటికి దిగింది," అన్నాను.

ఆమె మోకాలు పట్టుకుని లేచింది. తిట్టినా బాగుండేది. బెల్లు కొట్టారని లోపలికి వెళ్లింది. స్పిరిట్‌తో కడిగి, బిగించి, మర్నాడు పొద్దున మళ్లీ ఆమెతో జనగామ దాకా వెళ్లాను. మంచు నిన్నటికంటే ఎక్కువే. క్రూయిజ్ ఒక్కసారీ పడలేదు.

మరుసటి దసరాకు ఆమె రాదనుకున్నాను. పొద్దున్నే కారు తెచ్చింది. బొట్టు మీరే పెట్టండని పళ్లెం ముందుకు జరిపాను.

"నువ్వే పెట్టన్నా. తప్పు నాదే అని చెప్పేటోని చెయ్యి అది," అంది.

వేళ్లు లుంగీకి రెండుసార్లు తుడుచుకుని, తడి లేదని చూసుకుని, ఈసారి బొట్టు బానెట్ మీద పెట్టాను.