హద్దు ఇంట్లోనే ఉండిపోయింది

నాకు అంకెలు తప్ప అక్షరాలు పెద్దగా రావు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. ఆ రోజు తప్పు చేసింది తనే కాబట్టి, ఒక్క మాట కూడా మార్చొద్దని ముందే చెప్పాను.

నా భర్త పోయాక ఎమ్మిగనూరులో మా మగ్గం ఆగిపోయింది. తమ్ముడితో కలిసి ఆదోని పత్తి మిల్లుకు పోతున్నాను. ఒకరోజు మిల్లు వాకిట్లో ఊపిరి పరీక్ష అంటూ అందరిచేత గొట్టంలో గాలి ఊదించారు. తమ్ముడి చీటీ నంబరు నలభై ఒకటి. వాడి వెనకే నిలబడ్డాను, నాది నలభై రెండు. ఊపిరి ఒక హద్దుకన్నా తక్కువ ఉన్నవాళ్లను పెద్ద డాక్టరు చూస్తాడట. ఆ లెక్కలు కట్టే చోటే నా కూతురికి ఉద్యోగం. ఇంట్లో కూర్చునే చేస్తుంది.

పెద్ద డాక్టరు చూడాల్సినవాళ్ల జాబితా వచ్చిన పొద్దున నేనూ వంగి చూశాను. ముప్పై ఎనిమిది తర్వాత నలభై ఆరు ఉంది. నలభై ఒకటి లేదు. నాలుగు మెట్లెక్కితే కూలబడే మనిషి నా తమ్ముడు!

“మీ మామ నంబరు యాడుందిమే?”

“మామ ఊపిరి హద్దుకు పైనే ఉందేమో మా. నిన్న డాక్టర్లు హద్దు పెంచినారు. నేను గూడా మార్చినాను, సూడు.” తన కంప్యూటర్లో ఏదో కొట్టింది. కొత్త అంకె వచ్చింది.

“మార్చింటే వాడెట్ల తప్పించుకున్యాడు?”

“లెక్క కట్టేది ఇది గాదు మా. బెంగళూరులో పెద్ద కంప్యూటర్ ఉంది. ఈడ్నుంచే దానికి పని సెప్తా.”

“మరి ఆడ మార్చినావా?”

“రెండు తావులా హద్దు పేరొకటే గదా, ఈడ మారిస్తే ఆడా మారిందనుకున్యా…” అంటూనే ఆగిపోయింది. హద్దు ఎంతని ఆ పెద్దదాన్నే అడిగింది. అది పాత అంకె చూపించింది.

“కొత్త పడుగు సుట్టి గోడకానిచ్చి, మగ్గంలో పాతదే నేస్తాండావు గదే!” అని అరిచాను. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతికితేనే కదా కొత్తది మగ్గంలోకి వచ్చేది! ఆ బెంగళూరు మిషను తప్పు అని ఒక్క కూత కూయలేదు. నిమ్మళంగా పాత హద్దుతోనే లెక్క కట్టి పంపింది. ఇప్పటికీ ఆ నిమ్మళమే నాకు మింగుడుపడదు.

కూతురు ఇక్కడి అంకెను అక్కడికి పంపింది. పోయిందో లేదోనని దాన్నే మళ్లీ అక్కడి నుంచి తెప్పించి చూసింది. రెండూ ఒకటే. మళ్లీ లెక్క కట్టించింది.

ఈసారి జాబితాలో నలభై ఒకటి వచ్చింది. హమ్మయ్య అనబోయాను. దాని కిందే నలభై రెండు ఉంది.

కూతురు నా వైపు తిరగలేదు. అంకెలు నాకు వచ్చని దానికి తెలుసు.

డాక్టరు రమ్మన్న రోజు ఆదోని బస్సులో తమ్ముడు దగ్గుతూనే నవ్వాడు. “నీకు తోడు నేనొస్తాండానా అక్కా, నాకు తోడు నువ్వొస్తాండావా?”

“నోరు మూసుకోని కిటికీ తెర్సు,” అన్నాను.