ఇంకా తావుండాది

కాగితమంటే భయమూ భక్తీ ఉన్న ఇంట్లో పుట్టాను నేను. ఆ రోజుల్లో మా ఇంట ఏ కాగితమూ ఒక్క పనితో ముగిసేది కాదు. బొరుగులు కట్టి తెచ్చిన పొట్లం విప్పాక ఆ కాగితాన్ని చదివి, చేత్తో సాపు చేసి, నూలు కింద పరిచి, అది చివికిపోయాక పొయ్యి రాజేసుకునేవాళ్లం. (మా జేజికి, అంటే నాయన తల్లికి, అక్షరం రాదు. అయినా అచ్చు కాగితాన్ని ఎవరైనా చదవకుండా పొయ్యిలో పెడితే ఊరుకునేది కాదు.) ఇప్పుడు మా మనవరాలు ఒక్క ముక్క అచ్చు వేసిన తెల్ల కాగితాన్ని ఉండచుట్టి పారేస్తుంటే నేను ఏరి, సాపు చేసి దాచుకుంటాను. ఆ పిల్ల నన్ను పిసినారి అంటుంది. ఆ పిసినారితనమే నాకు సముద్రాల అవతల ఒక స్నేహాన్ని నిలబెట్టింది, అదే చివరికి నా గుట్టూ బయటపెట్టింది. ఆ సంగతి తెలిసిన మనవరాలే ఇది రాయమని కూర్చోబెట్టింది. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి.

మాది కడప జిల్లా జమ్మలమడుగు. నాయన మగ్గం మీద, అమ్మ నూలు చిక్కు తీస్తూ, అక్క రాట్నం ముందు కండెలు చుడుతూ ఉంటే, జేజి గడప దగ్గర కూర్చుని మమ్మల్నందరినీ నేసేది. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట. మగ్గం ఎన్ని మింగినా ఇంకా కావాలంటుంది. నాకు పదకొండో ఏడు నడుస్తుండగా ఐదో తరగతి అయిపోయింది. ఆఖరి రోజు మా అయ్యవారు, చేతిరాత బాగున్నవాళ్లకు బహుమానమన్నాడు. ఆయనకు ఎక్కడినుంచో విదేశీ పిల్లల చిరునామాల పట్టిక వచ్చిందట, ఉత్తరాలు రాసుకుని స్నేహం చేసుకోండని. దాన్ని బద్దలుగా కత్తిరించి తలకొకటి ఇచ్చాడు. నా బద్ద మీద నా ఈడు పిల్ల పేరు, ఊరు, ఫిన్లాండు అనే దేశం. ఇంటికి తెచ్చి చూపిస్తే జేజి దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది.

"బహుమానమంటే పలకిస్తారు, గలాసిస్తారు. ఈ బద్దేందే?"

"ఆ పిల్లతో స్నేహం చేసుకోమన్నాడు జేజీ. ఫిన్లాండంట."

"పిన్నమ్మలాండా? ఆ పక్క మనకు యా పిన్నమ్మా లేదు గదా."

"శానా దూరం. అంతా మంచేనంట."

"దూరమైతే ఏమిలే. బహుమానమిచ్చినారంటే వాడుకోవల్ల. ఊరికే పెట్టుకుంటే ఎట్ల?"

స్నేహాన్ని గ్లాసులాగా వాడుకోవాలని చెప్పినవాళ్లను నేను ఆమె తర్వాత మళ్లీ చూడలేదు. ఆ వేసవిలోనే అక్క పెళ్లయి పోయింది, రాట్నం ముందు పీట ఖాళీ అయింది. ఆరో తరగతి హైస్కూల్లో. హైస్కూలు రెండు వీధుల అవతలే, అక్కడ గంట కొడితే మా మగ్గం దాకా వినబడేది. పీట మీద ఎవరో ఒకరు కూర్చోవాలి కాబట్టి నేను కూర్చున్నాను. నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

ఉత్తరం ఇంగ్లీషులో రాయాలి. వీధి మొత్తానికి ఇంగ్లీషు వచ్చింది పక్కింటి తంతి మామకు. వాళ్లు ముస్లిములు, మేము నేతవాళ్లం, మధ్యలో గోడ ఒక్కటే గనుక మామ అయ్యాడు. పోస్టాఫీసులో టెలిగ్రాములు కొట్టే ఉద్యోగం ఆయనది. ఆయన ఇంగ్లీషంతా టెలిగ్రాముల్లోనే నేర్చింది. మాటకింతని పడే ఇంగ్లీషు. చావులూ పుట్టుకలూ నాలుగు మాటల్లో తేల్చేసే మనిషికి ఒక పిల్ల పరిచయం ఎంతసేపు? విమానంలో పోయే నీలం కాగితం కొని తెచ్చి, నా పేరు వేసి, "ఏజ్ ఎలెవెన్ స్టాప్, ఆల్ వెల్ స్టాప్, రిప్లై సూన్" అని రాసి కలం మూత పెట్టాడు.

"అయిపాయనా?" అంది జేజి.

"అయిపాయ అత్తా."

"ఇంత కాయితం కొనింది ఈ రెండు గెరలకా? కింద తావుండాది. మడతలో తావుండాది. విమానంలో ఉత్త కాయితం మోయిస్తావా?"

"మాటలు తక్కువుంటేనే మేలత్తా."

"రాసినా రాయకున్నా రేటొకటే అన్నావు గదప్పా. ఏమే, ఇట్ల కూచో. నీ చేతిరాతకే గదా బహుమానమిచ్చింది. రాయి."

"ఆ పిల్లకు తెలుగు రాదు జేజీ."

"రాకుంటే సూసుకుంటాది. దస్తూరి బాగుండాదిలే."

ఆమెకు ఉత్తరం కూడా గుడ్డే. నడుమ పేక, అంటే అడ్డపోగు, లేని జాగా కనబడితే ప్రాణం ఒప్పదు. అలా మా ఉత్తరాలకు ఒక పద్ధతి ఏర్పడింది. పైన రెండు మూడు గెరలు, అంటే వరుసలు, మామ ఇంగ్లీషు, మిగిలిందంతా నా తెలుగు. మొదటిసారి మర్యాదగా మా ఇల్లు, మగ్గం, ఎండ అని రాశాను. రెండోసారికి నాకు బుద్ధి వచ్చింది. జేజికి చదువు రాదు, ఆ పిల్లకు తెలుగు రాదు, నాయనకు తీరిక లేదు. లోకంలో ఎవరూ చదవని కాగితం నా చేతిలో ఉంది. ఇక రాయడం మొదలుపెట్టాను. 'జేజి నాకు పెరుగు వెయ్యలేదు. జేజి వాకిట్లో కూర్చుని నేను చుడుతున్నానా లేదా అని చూస్తూనే ఉంటుంది. జేజికి నా మీద దయ లేదు.' ఆ జేజి నా పక్కనే కూర్చుని వక్క నములుతూ, మూలకు వేలు పెట్టి చూపేది.

"ఆడ ఇంకా తావుండాది. అదీ నింపు."

నింపేదాన్ని, ఇంకో నింద వేసి.

ఫిన్లాండు పిల్ల జవాబులు గుండ్రటి అక్షరాలతో వచ్చేవి. తన కుక్క గురించి, మంచులో జారే బల్ల గురించి రాసేది. మామ గోడ మీద మోచేతులు ఆనించి చదివి చెప్పేవాడు. రెండో జవాబులో ఆ పిల్ల నా హాబీ ఏమిటని అడిగింది.

"హాబీ అంటే ఏమి మామా?"

"పని లేనప్పుడు చేసే పని పాపా."

"పని లేనప్పుడు పనేంది?" అంది జేజి. "పని లేకుంటే పండుకుంటారు."

"అట్ల గాదత్తా. కూలి లేకుండా చేసేది."

జేజి నా వైపు తిరిగింది. "అయితే మన పిల్ల చేస్తాండాది గదప్పా, కండెలు చుట్టేది. దీనికి ఎవురు కూలిస్తాండారు?"

మామ నవ్వి, నవ్వుతూనే రాసేశాడు: "హాబీ థ్రెడ్ వైండింగ్ స్టాప్, డెయిలీ మార్నింగ్ టు సన్‌సెట్ స్టాప్."

దాని ఫలితంగా రెండు నెలల తర్వాత ఒక పొట్లం దిగింది. లోపల రెండు ఎర్రటి ఉన్ని ఉండలు, ఒక చిన్న చీటీ. మామ చెల్లెలింటికి కర్నూలు పోయి ఉన్నాడు, చదివేవాళ్లు లేరు. మాకు ఆ ఉన్నిని చూసి రవంత అనుమానం కూడా కలగలేదు. మా బతుకులో నూలు ఇంటికి వచ్చిందంటే దానికి ఒకటే అర్థం. షావుకారు పంపుతాడు, మేం చుట్టి వాపసు ఇస్తాం. "ఎవురి నూలు వాళ్లకు చేర్చల్ల," అంది జేజి. "పరాయి నూలు ఇంట్లో ఉంటే నాకు నిద్ర రాదు." కడప ఎండలో చేతులకు అంటుకునే ఆ ఉన్నిని మూడు రోజులు కూర్చుని చుట్టాను. నూలులా మాట వినదు, ఉబ్బుతుంది. చుట్టిన కండెలు బొద్దుగా కాకరకాయల్లా వచ్చాయి. ఏ పోగూ తగ్గకుండా పొట్లం కట్టి, చిరునామా నేనే చూసి రాసి, నాయన సణుగుతుండగా పోస్టులో వేయించింది జేజి.

మామ తిరిగి వచ్చి చీటీ చదివి, నవ్వు ఆపుకోలేక గోడ అవతలే చతికిలబడ్డాడు. మాకు తలపాగా కొన మాత్రమే కదులుతూ కనబడింది.

"అత్తా, అది బహుమానమత్తా. నీకూ దారమంటే ఇష్టమంట గదా, ఆడుకో అని పంపించింది."

"బహుమానమా?" అంది జేజి ఏమాత్రం తొణక్కుండా. "బహుమానమైతే బద్ద ఇస్తారు."

ఆ వారమంతా నేను అన్నం సరిగ్గా తినలేదు. నా స్నేహం అయిపోయిందనుకున్నాను. ఇచ్చిన కానుకను తిప్పి పంపిన దాన్ని ఏ దేశంలోనైనా ఏమంటారు? రాట్నం తిప్పుతూనే పోస్టు వచ్చే వేళకు వాకిలి వైపు చూసేదాన్ని. చూసి చూసి ఆశ వదులుకున్నాక ఉత్తరం వచ్చింది. మామ చదవసాగాడు. కండెలు అందాయట. అంత అందంగా చుట్టినవి తను చూడలేదట, గోడకు వేలాడదీసుకుందట, బడిలో అందరికీ చూపించిందట. ఆ తర్వాత మామ గొంతు కొంచెం తగ్గింది.

"'మా అమ్మ నన్ను హోంవర్కు అయినాక ఒక్క గంటే అల్లుకోనిస్తుంది. నీకేమో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీ హాబీయే. మీ ఇంట్లోవాళ్లు ఎంత మంచివాళ్లు. నిన్ను తలుచుకుంటే నాకు కుళ్లుగా ఉంది' అంటాండాది పాపా."

అమ్మ చేతిలో నూలు ఆగింది. నాయన మగ్గం కూడా ఆగింది. జేజి ఒక్కతే మామూలుగా ఉంది.

"ఆ పిల్లనీడికి పంపించమనప్పా. నేనేం చెడ్డదాన్నా, పొద్దుగూకులూ సుట్టుకోనిస్తా."

నాయన నవ్వాడు, మామ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మామ గోడ మీదికి వంగి, నాకు మాత్రమే వినబడేలా, "ఏం పాపా, నిజం రాద్దామా? హాబీ గాదు, పని అని?" అన్నాడు.

"వద్దు మామా," అన్నాను.

ఎందుకన్నానో అప్పుడు చెప్పడం నాకు చేతకాలేదు. హైస్కూలుకు పోయే పిల్లలు పుస్తకాలు ఎదకు పెట్టుకుని మా వాకిలి ముందు నడుస్తుంటే కుళ్లుకునేది నేను. రోజూ నేనే. అలాంటి నన్ను చూసి, పుస్తకాలున్న ఒక పిల్ల కుళ్లుకుంటోంది. దాన్ని పోగొట్టుకోవడానికి మనసు రాలేదు. మామ "థాంక్యూ స్టాప్, హాబీ కంటిన్యూయింగ్" అని రాసి ఇచ్చాడు. కింద తావు నింపడానికి కూర్చున్నప్పుడు నిజమంతా తెలుగులో పెట్టాను. 'నాకు కండెలు చుట్టడం ఇష్టం లేదు. భుజం నొస్తుంది. బడిగంట వినబడినప్పుడల్లా ఇప్పుడు లెక్కలు, ఇప్పుడు తెలుగు అనుకుంటాను. జేజి నన్ను ఆరో తరగతికి పంపలేదు.' ఆ రోజు జేజి మూల చూపించే పని లేకపోయింది. అంచుల దాకా రాశాను. ఆమె కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, "బాగ నేసినావు," అంది.

ఐదారేళ్లు అలా సాగింది. తర్వాత నన్ను ఎమ్మిగనూరు ఇచ్చారు, మామకు బదిలీ అయింది. అత్తగారింట్లో ఇంగ్లీషు వచ్చిన గోడ లేదు. ఉత్తరాలు నిలిచిపోయాయి. ఆ పిల్ల రాసినవన్నీ నా పెట్టె అడుగున ఉండిపోయాయి, కాగితం కదా, పారేయలేదు.

రెండేళ్ల కిందట మా మనవరాలు కర్నూలులో చదువుతూ సెలవులకు వచ్చి, ఆ పెట్టె తిరగేసి, ఆ చిరునామాకే ఒక ఉత్తరం వేసింది, తన ఈమెయిల్ రాసి. నేను వద్దన్నాను, తపాలా బిళ్లలు దండగని. మూడు నెలలకు మెయిల్ వచ్చింది. ఫిన్లాండు పిల్ల ఉంది, అదే పల్లెలో, అదే ఇంట్లో. ఫోటో పంపింది. తెల్లజుట్టు ముసలామె, వెనక గోడ మీద అద్దం కట్టించిన చట్రంలో నా ఎర్ర కాకరకాయలు. మనవరాలు చదువుతూ మధ్యలో ఆగి నన్ను చూసింది.

"జేజీ, నీ ఉత్తరాలన్నీ దాచి పెట్టినాదంట. మొన్న వాటి మీద ఫోను పెట్టి చూసినాదంట. ఫోను తెలుగు చదువుతాది ఇప్పుడు."

మూలమూలలా నేను నింపిన నిందలన్నీ గుర్తొచ్చాయి. "ఏం చదివినాదంట?"

"నీకు దేవునితో అంత తగవు ఉండాదని ఇన్నేళ్లూ తెలీదంట. 'దేవుడు నాకు పెరుగు వెయ్యలేదు' అన్నావంట. 'దేవుడు వాకిట్లో కూర్చుని నేను చుడుతున్నానా లేదా అని చూస్తాడు' అన్నావంట."

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు అడ్డం పెట్టుకున్నాను. జేజి అంటే కొన్ని ఊళ్లలో చిన్నపిల్లల మాటలో దేవుడు. ఫోనుకు మా కడప తెలియదు. మా జేజిని, వక్క నమిలే నోటితో సహా, తీసుకుపోయి ఆకాశంలో కూర్చోబెట్టింది.

మనవరాలు నవ్వుతూనే చదువుతోంది గానీ ఆఖరికి నవ్వు తగ్గింది. "'దేవుడు నన్ను ఆరో తరగతికి పంపలేదు' అని కూడా ఉండాదంట. అది చదివి ఏడ్చినాదంట. అంత కష్టాన్ని ఆట అనుకున్నా, క్షమించు అంటాండాది. ఏం రాయమంటావు? జేజి అంటే గ్రాండ్‌మదర్ అని, నిజం చెప్పేదా?"

అప్పుడు మామ అడిగిన మాటే. "చెప్పు," అన్నాను. "మన ఇంటి నింద దేవుని మీద ఎందుకు. ఇంకోటి రాయి. క్షమాపణ గిమాపణ వద్దను. ఈ భూమ్మీద నన్ను చూసి కుళ్లుకునింది ఆ పిల్ల ఒక్కతే. అది మానుకోవద్దని రాయి."

రాసింది. "మూడు గెరలే జేజీ. టెలిగ్రామే ఇది," అంటూ ఫోను తెరను కిందికి లాగింది. లాగేకొద్దీ తెల్లగా వస్తూనే ఉంది. అడుగు లేదు, అంచు లేదు, నిండితే ఆగేది లేదు. జేజి చూసి ఉంటే ఆమెకు ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. కింద నేను తెలుగులో రాసుకుంటానని చెప్పి, మనవరాలిని మంచినీళ్లకు పంపి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ 'మా మనవరాలు కాగితాలు వృథా' దాకా కొట్టాను. మా పిల్ల మీద చెప్పుకోవలసినవి నా దగ్గర చాలా ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఫోను పుణ్యాన ఆ మంచు ఊళ్లో ఇప్పుడు తెలుగు రానివాళ్లు లేరని. ఇంత తావు ఇచ్చారు గానీ, దాచుకోవడానికి అందులో ఒక మూల కూడా లేదు.

కొట్టినదంతా చెరిపేసి, 'మా మనవరాలు శానా మంచిది' అని రాశాను. నీళ్ల చెంబుతో వచ్చిన పిల్ల నా భుజం మీదుగా వంగి చదివి, వేలితో కింద చూపించింది.

"ఇంకా తావుండాది జేజీ."